నేరేడు పండు, మూడు లేజర్లు: ఒక సోలార్ సెల్ డైరీ

జూన్ 8

మృగశిర వచ్చింది. మార్కెట్లో నేరేడు పళ్ళు దిగాయి. మూడు నెలలకు పైగా వాయిదా వేస్తున్న పనికి ఇక సాకు లేదు.

ఫిబ్రవరి 28న సైన్స్ డే సందర్భంగా మా కాలేజీలో వెలుతురు మింగే రంగుతో నడిచే సోలార్ సెల్ చేసిన మైకేల్ గ్రాట్జెల్ గురించి ఓ గంట మాట్లాడాను. అయిపోయాక అప్పటి సెకండియర్ అమ్మాయి లేచి అడిగింది: "సార్, లేజర్ స్పెక్ట్రోస్కోపీ చేసుకునే ఆయన సోలార్ సెల్స్‌లోకి ఎందుకొచ్చారు? అందులో ఫండ్స్ ఎక్కువనా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఏదో చెప్పి దాటేశాను. ఇంటికెళ్ళాక ఆ ప్రశ్న వదల్లేదు. నేను చెప్పింది జవాబు కాదని నాకు తెలుసు.

గ్రాట్జెల్ 1944లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో డార్ఫ్‌కెమ్నిట్జ్ అనే ఊళ్ళో పుట్టాడు. 1971లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో డాక్టరేట్. తర్వాత అమెరికాలో నోటర్‌డామ్ యూనివర్సిటీ. అక్కడ చూసింది సబ్బు నీళ్ళు. సబ్బు అణువులు నీళ్ళలో గుంపు కట్టి చిన్న చిన్న ఉండల్లా అవుతాయి కదా, ఆ ఉండ లోపల ఒక అణువు మీద వెలుతురు పడితే అందులోంచి ఎలక్ట్రాన్ బయటికి ఎలా దూకుతుంది, ఎంతసేపట్లో వెనక్కొస్తుంది అన్నది విషయం. 1977 నుంచి స్విట్జర్లాండ్‌లో లొజాన్ నగరంలోని ఈపీఎఫ్ఎల్ అనే టెక్నికల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. అక్కడ పెద్ద ఆయుధం లేజర్ ఫ్లాష్ ఫొటోలిసిస్. ద్రావణం మీద ఒక్క క్షణం లేజర్ కొట్టి, ఆ దెబ్బకి దాని రంగు ఎలా మారిందో, ఎంతసేపటికి మామూలుకొచ్చిందో కొలవడం. నోరిష్, పోర్టర్ 1949లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఫ్లాష్ దీపాలు వాడారు. 1960లో మైమన్ రూబీ లేజర్ వెలిగించాక పని లేజర్లకు మారింది.

అదంతా కాగితం మీద సంగతి. ఆ అమ్మాయికి జవాబు చెప్పాలంటే నా చేత్తో ఒక సెల్ చేసి, దాని మీద లేజర్ కొట్టి చూడాలనిపించింది. ఆ అమ్మాయి, ఆమె క్లాసుమేటు ఒక పొడుగబ్బాయి (ఇద్దరూ ఇప్పుడు ఫైనలియర్) శనాదివారాలు వస్తామన్నారు. ల్యాబ్ మా కాలేజీది, ఖర్చు నాది.

జూన్ 11

మొదటి తప్పు ఆత్రంతో చేసింది. గ్రాట్జెల్ సెల్‌లో రంగు అణువులు వెలుతురు మింగి ఎలక్ట్రాన్లు ఇస్తాయి, వాటిని అందుకునే పొర టైటానియం డయాక్సైడ్. సెల్‌కి ప్రాణం అదే. అదీ 20-25 నానోమీటర్ల రేణువులున్నది, పీ25 అనే పేరుతో దొరికేది. హైదరాబాద్‌లో రీసెర్చ్ చేస్తున్న నా పాత స్టూడెంట్ ఓ 20 గ్రాములు పంపిస్తానన్నాడు. కొరియర్ వచ్చేదాకా ఆగలేక రంగుల షాపులో తెల్ల టైటానియం పొడి పావుకిలో తెచ్చాను. పేరు ఒకటే కదా అని.

అద్దం మీద పూసి, కాల్చి, నేరేడు రసంలో నానబెట్టి ఎండలో పెడితే 9 మైక్రోయాంపులు. మీటర్ పాడైందేమో అని పొడుగబ్బాయి రెండు సార్లు బ్యాటరీ మార్చాడు.

మీటర్ బాగానే ఉంది. రంగుల షాపు పొడి గోడని కప్పడానికి చేసినది, రేణువు సైజు పీ25కి పదింతలు. రంగు అణువులు ఆ రేణువుల పైపొర మీద ఒక్క వరుసలోనే కూర్చుంటాయి. చోటు లేకపోతే కూర్చునేవి తక్కువ, వెలుతురు మింగేవీ తక్కువ. 1991కి ముందు ఈ రకం సెల్స్ చాలామంది చేశారు, ఎవరికీ సరిగ్గా కరెంటు రాలేదు. నునుపైన పలక మీద ఒక్క పొర రంగు వేస్తే దాని మీద పడిన వెలుతురులో ఒక శాతం కూడా మింగదు. రెండో పొర వేస్తే పైనున్న అణువుల ఎలక్ట్రాన్లు కిందికి చేరవు. ఇదీ చిక్కు. దీన్ని విప్పింది పలకని స్పాంజి చేయడం.

జూన్ 15

రెండో తప్పు. ఆన్‌లైన్‌లో కొన్న కండక్టింగ్ గ్లాస్ (కరెంటు పారే పూత ఉన్న గాజు) ముక్కలు పది వచ్చాయి. మీటర్ పెడితే 12 ఓమ్‌లు. భేష్ అనుకున్నాం. 450 డిగ్రీల్లో అరగంట కాల్చి తీశాక 58 ఓమ్‌లు. మరో ముక్క, మళ్ళీ అంతే.

అమ్మినవాళ్ళు ఎఫ్‌టీఓ అని రాసి ఐటీఓ పంపారు. ఐటీఓ అంటే ఇండియం టిన్ ఆక్సైడ్, ఫోన్ తెరల్లో వాడేది. గాలిలో గట్టిగా కాలిస్తే దాని వాహకత పడిపోతుంది. ఎఫ్‌టీఓ, అంటే ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్, ఆ వేడికి చలించదు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇకమీదట కొనేవాళ్ళకి నా సలహా: ముందు ఒక్క ముక్క కాల్చి, మళ్ళీ కొలిచి, అప్పుడు మిగతా డబ్బా విప్పండి. వాపసు తీసుకోలేదు, "కాల్చిన సరుకు" అన్నారు. అది మాత్రం నిజమే.

జూన్ 22

పీ25 వచ్చింది, అసలైన ఎఫ్‌టీఓ గ్లాసూ వచ్చింది. ఈ రోజు రోజంతా దీనికే.

పొడి 6 గ్రాములు. కల్వంలో వేసి, పలచటి వెనిగర్ చుక్క చుక్కగా పోస్తూ నూరాలి. ఇక్కడ తొందరపడితే ఉండలు కడుతుంది. మా అమ్మ పెసరట్టు పిండి రుబ్బుతూ "నీళ్ళు ఒకేసారి పోయకురా" అనేది, అదే పాఠం. 10 మిల్లీలీటర్లు పట్టడానికి అరగంట పైనే పట్టింది. చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, నురగ రాకుండా కలిపి, పావుగంట కదపకుండా వదిలేశాం.

గ్లాసు మీద రెండు వైపులా సెల్లోటేపు అంటించి, మధ్యలో 2 సెంటీమీటర్లు ఖాళీ. రెండు చుక్కలు వేసి గాజు కడ్డీతో ఒక్క లాగు. ఒక్కటే. రెండోసారి లాగితే చారలొస్తాయి. అమ్మాయి చెయ్యి నిలకడ, ఆమెవి ఆరింటికి ఐదు బాగొచ్చాయి. నావి ఆరింటికి రెండు. పొడుగబ్బాయి రెండు పొరల టేపు వేసి మందంగా పూశాడు. ఆరేసరికి అది వేసవిలో చెరువు మట్టిలా పగుళ్ళిచ్చింది.

మా కాలేజీ ఫర్నేస్ రెండేళ్ళుగా "రిపేర్‌కి రాశాం" దశలో ఉంది. కాబట్టి మా బావమరిది దగ్గరికి. వాడిది పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్. మైనం కరిగించి పోగొట్టే చిన్న ఫర్నేస్ ఉంటుంది వాళ్ళకి, 900 దాకా పోతుంది, డిగ్రీ డిగ్రీకి సెట్ చేసుకోవచ్చు. "బావా, ఎవరి పళ్ళు ఇవి?" అన్నాడు పలకలు చూసి. 450కి తీసుకెళ్ళి అరగంట. మధ్యలో తొంగి చూస్తే పొర గోధుమరంగుకి తిరిగింది, అది సబ్బూ వెనిగరూ మాడటం. కాసేపటికి మళ్ళీ తెల్లబడింది. తలుపు తీయకుండా ఫర్నేస్‌లోనే చల్లారనిచ్చాం. వేడిగా తీస్తే గ్లాసు పగులుతుంది.

చల్లారాక కాలేజీ బ్యాలెన్స్ మీద తూకం వేశాం. 4 చదరపు సెంటీమీటర్ల పొర బరువు 5.2 మిల్లీగ్రాములు, అంటే సెంటీమీటరుకి 1.3. పీ25 ఒక గ్రాముకి పైపొర సుమారు 50 చదరపు మీటర్లు. అమ్మాయి నోటు పుస్తకంలో లెక్క వేసింది: చదరపు సెంటీమీటరు గ్లాసు మీద 650 చదరపు సెంటీమీటర్ల చోటు. బొటనవేలి గోరంత జాగాలో ఒక పెద్ద పళ్ళెమంత. 1991 అక్టోబర్‌లో నేచర్ పత్రికలో ఓరెగన్, గ్రాట్జెల్ వేసిన పేపర్‌లో 10 మైక్రాన్ల పొరకి ఈ సంఖ్య 780 దాకా ఉంది. మేం కల్వంతో నూరి ఆ దరిదాపుల్లోకి వచ్చామంటే గొప్పంతా పొడిది, మాది కాదు.

జూన్ 23

నేరేడు పళ్ళు పావుకిలో. గింజలు తీసి, గుజ్జు పిండి, పల్చటి గుడ్డలో వడకట్టాం. పలక పడుకోబెట్టి పావుగంట నానబెట్టాం. తెల్లటి పొర కళ్ళ ముందే ఊదారంగుకి తిరిగింది. రసం ఎరుపు, పొర ఊదా. ఆ మార్పే రుజువు. పండుకి రంగునిచ్చే ఆంథోసయనిన్ అణువు చివర పక్కపక్కనే ఉన్న రెండు ఓహెచ్‌లు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) టైటానియాన్ని పట్టుకుంటే రంగు అలా జరుగుతుంది. ఒక్క ఓహెచ్ ఉన్న రకాలు పట్టుకోలేవు, నీళ్ళతో కడిగితే పోతాయి. ఎర్రగా ఉన్న ప్రతి పువ్వూ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

రెండో గ్లాసు మీద 6బీ పెన్సిలు బాగా రుద్ది, పైన దీపం మసి పట్టించాం. రెండింటినీ కొద్దిగా పక్కకి జరిపి ముఖాముఖి పెట్టి బైండర్ క్లిప్పులు. పక్క నుంచి ఎలక్ట్రోలైట్, అంటే రెండు పలకల మధ్య కరెంటుని మోసే ద్రవం, ఒక చుక్క: ఇథిలీన్ గ్లైకాల్‌లో పొటాషియం అయోడైడ్, అయోడిన్. మెడికల్ షాపు టింక్చరు వాడొద్దు, అందులో నీళ్ళున్నాయి. కారు కూలెంట్ కూడా గ్లైకాలే కదా అన్నాడు పొడుగబ్బాయి. అందులో రంగు, తుప్పు మందులు, ఇంకా ఏవేవో కలుపుతారు, అదీ వద్దు.

పదకొండున్నర ఎండలో 0.41 వోల్టులు, 1.6 మిల్లీయాంపులు. రంగుల షాపు పొడికి దాదాపు 180 రెట్లు. అమ్మాయి ఎగిరి గంతేసింది, నేను వయసు గుర్తొచ్చి ఆగాను.

ఒక చిన్న ప్రీసెట్ (తిప్పితే మారే రెసిస్టరు) తిప్పుతూ చూస్తే ఎక్కువ పవర్ వచ్చేది 0.24 వోల్టులు, 1.3 మిల్లీయాంపుల దగ్గర. అంటే 0.31 మిల్లీవాట్లు. నడినెత్తి ఎండ చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్లు అనుకుంటే మా సెల్ సామర్థ్యం 0.08 శాతం. 1991 నాటి పేపర్‌లో 7 శాతం పైన. మాది దానిలో వందో వంతు. పండు రసానికి ఇంతకంటే ఆశించకూడదు.

జూన్ 29

ఇక లేజర్ల పక్క. ముందు రసం ఏ రంగు వెలుతురు మింగుతుందో తెలియాలి. స్పెక్ట్రోమీటరు కొనే స్తోమత లేదు, చేసుకున్నాం: అట్టపెట్టె, రెండు బ్లేడు ముక్కలతో సన్నటి సందు, డీవీడీ పొర ఒలిచిన ముక్క, పాత వెబ్‌క్యామ్. డీవీడీ మీద గీతల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకి 1,350 గీతలు. వెలుతురుని రంగులుగా విడదీసే ఇంత మంచి గ్రేటింగ్ ఐదు రూపాయలకి దొరకడం మన కాలపు విచిత్రం.

గుర్తులు పెట్టుకోవడానికి పాదరసం వెలుతురులో వచ్చే రంగు గీతలు కావాలి: 436, 546 నానోమీటర్లు. దానికి సీఎఫ్ఎల్ బల్బు ఉండాలి. ఊరంతా ఎల్ఈడీలే. చివరికి మా వీధి చివర పిన్నిగారి వంటింట్లో ఒకటి దొరికింది. దాన్ని తీసుకుని కొత్త ఎల్ఈడీ ఇస్తే ఆవిడ అనుమానంగా చూశారు, ఏదో మోసం జరుగుతోందన్నట్టు. ఆవిడ పెరట్లో బచ్చలి తీగ ఉంది, పళ్ళు నల్లగా మాగాయి. "కోసుకో నాయనా, చిన్నప్పుడు మేం వాటితోనే సిరా చేసి రాసేవాళ్ళం" అన్నారు. తెచ్చాను.

నేరేడు రసం 520 చుట్టూ గట్టిగా మింగుతుంది. పొర మీద కూర్చున్నాక ఆ గుట్ట ఎరుపు వైపు జరిగి, వెడల్పైంది. బచ్చలి 540 దగ్గర. మందారం రసం పల్చన.

జూలై 3

మూడు లేజర్ పాయింటర్లు: ఊదా 405, ఆకుపచ్చ 532, ఎరుపు 650. ఒక్కో రంగు ఎంత వెలుతురు ఇస్తే సెల్ ఎంత కరెంటు ఇస్తుందో కొలిచి, నూరు ఫోటాన్లకి (వెలుతురు రేణువులకి) ఎన్ని ఎలక్ట్రాన్లో చూడాలి. లెక్క సులువు. కరెంటుని 1240తో గుణించి, తరంగదైర్ఘ్యంతోనూ, పవర్‌తోనూ భాగించడమే. పెద్ద ల్యాబుల్లో జినాన్ దీపం, ఒక్కో రంగునే విడదీసే మోనోక్రోమేటరు పెట్టి వంద రంగుల్లో చేసే పని ఇది. మాకు మూడు రంగులు.

పవర్ కొలవడానికి బీపీడబ్ల్యూ34 అనే ఫోటోడయోడ్, వెలుతురు పడితే కరెంటు ఇచ్చేది. ఆకుపచ్చ లేజర్ 11.8 మిల్లీవాట్లు చూపించింది. దాని మీద రాసింది 5. చవక పాయింటర్లు రాసినదానికంటే ఎక్కువే ఇస్తాయిలే అని ఆ అంకెతోనే లెక్క వేస్తే నేరేడు సెల్ ఒకటిన్నర శాతం కూడా రాలేదు. ఎండలో అన్ని మిల్లీయాంపులు ఇచ్చినది ఇక్కడ ఇంత దీనంగా ఎందుకుంది? రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 4

దొంగ దొరికాడు. ఆకుపచ్చ పాయింటర్‌లో నేరుగా ఆకుపచ్చ పుట్టదు. 808 నానోమీటర్ల డయోడ్ ఒక స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది, దాన్ని ఇంకో స్ఫటికం సగం చేసి 532 ఇస్తుంది. ఖరీదైన వాటిలో మిగిలిపోయిన 808, 1064ల కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఉంటుంది. చవకవాటిలో ఎగ్గొడతారు. సిలికాన్ ఫోటోడయోడ్‌కి ఇన్‌ఫ్రారెడ్ అంటే మహా ఇష్టం, ఆకుపచ్చతో కలిపి దాన్నీ లెక్కపెట్టేసింది. అమెరికా కొలతల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ళు 2010లోనే ఈ ప్రమాదం గురించి రాశారు, సీడీ, వెబ్‌క్యామ్‌తో ఇంట్లోనే ఎలా పట్టుకోవాలో కూడా చూపించారు.

వెబ్‌క్యామ్‌లోంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పీకి, డీవీడీ మీద లేజర్ కొట్టి చూశాం. ఆకుపచ్చ చుక్క పక్కన, కంటికి కనపడని చోట, కెమెరాకి ఇంకో చుక్క. గ్రేటింగ్‌తో విడదీసి ఆకుపచ్చ భాగాన్నే కొలిచి, గ్రేటింగ్ దగ్గర పోయినదాన్ని సర్దితే 4.6 మిల్లీవాట్లు. పిల్లలకి అరగంట క్లాసు పీకాను. కనపడని వెలుతురుకి కన్ను మూసుకోదు, రెప్ప వేయదు, కాబట్టి అద్దాలు పెట్టుకోకుండా ఈ మూడింటిలో ఏదీ ఆన్ చేయడానికి వీల్లేదు. పొడుగబ్బాయి ఆ పాయింటర్‌తో నెల రోజులుగా హాస్టల్లో పిల్లిని ఆడిస్తున్నాడట. మానేశాడు.

జూలై 7

సరిచేసిన అంకెలు. ఆకుపచ్చకి నేరేడు సెల్ 74 మైక్రోయాంపులు. ప్రతి ఫోటానుకీ ఒక ఎలక్ట్రాన్ వస్తే 1,974 రావాలి. అంటే 3.7 శాతం.

ఇక్కడ అమ్మాయి చేసిన పని చెప్పాలి. లేజర్ చుక్క రెండు మిల్లీమీటర్లు, సెల్ 2 సెంటీమీటర్లు. "సార్, చుక్కని పెద్దది చేస్తే?" అని భూతద్దం అడ్డం పెట్టి సెల్ అంతా పరుచుకునేలా చేసింది. వెలుతురు అంతే, పిసరు పెరగలేదు. కరెంటు మాత్రం 130కి ఎక్కింది. 6.6 శాతం.

కాసేపు నోట మాట రాలేదు. తర్వాత అర్థమైంది. ఆ చిన్న చుక్క కింద ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రంగు అణువులకి అయోడైడ్ వచ్చి పూడ్చాలి, పూడ్చి ఖర్చైనది అటు మసి పలక దాకా వెళ్ళి తిరిగి రావాలి. గ్లైకాల్ చిక్కన, తేనెలో ఈత లాంటిది. అంతమంది ఒకే గుమ్మం దగ్గర తోసుకుంటే క్యూ ఆగిపోతుంది. వెలుతురు పరిస్తే గుమ్మాలు ఎక్కువ. ఎండలో ఈ ఇబ్బంది ఎందుకు కనపడలేదంటే ఎండ ఎప్పుడూ పరుచుకునే ఉంటుంది.

పరిచిన వెలుతురుతో మిగతావి: ఎరుపు 0.4 శాతం, ఊదా 4.9. బచ్చలి ఆకుపచ్చలో 4.5 ఇచ్చి ఆశ పెట్టింది, రెండు రోజుల్లో వెలిసిపోయింది. మందారం 2.9. రంగు వేయని తెల్ల పొర ఆకుపచ్చలో దాదాపు సున్నా. ఊదాలో మాత్రం 0.8 చూపించింది. పీ25లో ఐదో వంతు రూటైల్ రకం ఉంటుంది, అది 413 నానోమీటర్ల దాకా తనే మింగుతుంది. ఆ ముక్క చూశాక నాకు అన్నిటికంటే ఎక్కువ నమ్మకం కుదిరింది. మా అట్టపెట్టె లెక్కలు అంత చిన్న విషయాన్నీ పట్టుకున్నాయి కదా అని.

జూలై 14

ముసురు. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఎండ లేదు కాబట్టి చిన్న సిలికాన్ ప్యానెల్‌ని, మా సెల్‌ని పక్కపక్కన వరండాలో పెట్టాం. ఎండ రోజు 96 మిల్లీయాంపులు ఇచ్చిన ప్యానెల్ 13కి పడింది, మా సెల్ 1.6 నుంచి 0.31కి. మాది తక్కువ శాతం నష్టపోయింది. ఆ 1991 పేపర్ కూడా పరుచుకున్న పగటి వెలుతురులో 12 శాతం వచ్చిందని చెప్పింది. ఒక్క రోజు కొలతతో డప్పు కొట్టను.

జూలై 20

ఫిబ్రవరి నాటి ప్రశ్నకి దగ్గరగా వచ్చిన రోజు.

ఫిజిక్స్ వాళ్ళ ఆసిల్లోస్కోప్ బతిమాలి తెచ్చాం. సెల్‌కి ఏ లోడూ పెట్టకుండా వెలుతురు పెట్టి, టక్కున ఆపి, వోల్టేజి ఎలా జారుతుందో చూడటం. బయటికి దారి లేదు కాబట్టి లోపల పోగైన ఎలక్ట్రాన్లు ఎలక్ట్రోలైట్‌లోకి కారిపోవడం తప్ప గతి లేదు. వోల్టేజి జారే వేగమే ఆ కారుడు వేగం. స్కోప్ తనే కాస్త తాగేస్తుంది కాబట్టి పదింతల ప్రోబ్ పెట్టాం.

0.41 దగ్గర మొదట్లో సెకనుకి 0.16 వోల్టుల చొప్పున జారింది. ఉష్ణశక్తి వోల్టేజి, మన వేడికి 0.026, దాన్ని ఆ వాలుతో భాగిస్తే ఎలక్ట్రాన్ లోపల నిలిచే కాలం 0.16 సెకన్లు. కిందికి వచ్చాక, 0.25 వోల్టుల దగ్గర, దాదాపు ఒక సెకను. నిండుగా ఉంటే ఎక్కువ కారుతుంది, తగ్గితే నింపాదిగా.

పొడుగబ్బాయిది కోనసీమ. "సార్, ఇది కాలవ గండి" అన్నాడు. నిజమే. లాకులు ఎత్తి నీళ్ళు వదలడం ఒక వేగం, చేలకి చేరడం ఒక వేగం, గట్టు గండ్లలోంచి కారడం ఇంకో వేగం. ఎవరు ముందైతే పంట వాళ్ళది. ఈ సెల్‌లోనూ అదే. రుథీనియం అనే లోహంతో చేసిన మంచి రంగుల్లో ఎలక్ట్రాన్ రంగులోంచి టైటానియం ఆక్సైడ్‌లోకి దిగడం 100 ఫెమ్టోసెకన్ల లోపే జరుగుతుందని 1990ల చివర్లో ఫెమ్టోసెకను లేజర్లతో కొలిచారు. సెకనులో లక్ష కోట్ల వంతులో పదో వంతు. ఖాళీ అయిన రంగుని అయోడైడ్ పూడ్చడానికి మైక్రోసెకను అటూ ఇటూ. ఎలక్ట్రాన్ ఆ రంగులోకే వెనక్కి పడటానికి మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్లు. ఎలక్ట్రోలైట్‌లోకి కారడానికి ఇంకా ఎక్కువ, మేం చూసింది అదే. ఒకదాని కంటే ఒకటి ఇంతలేసి రెట్లు నింపాదిగా ఉండబట్టే కరెంటు మన దాకా వస్తోంది.

ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి? లేజర్ కొట్టి గడియారం పట్టుకున్నవాళ్ళకి. ఆయిల్ సంక్షోభం తర్వాత, 1970ల చివర్లో గ్రాట్జెల్ బృందం ఎండతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీయాలని చూసింది. రుథీనియం అణువు వెలుతురు మింగి ఎలక్ట్రాన్ ఇస్తుంది, అది హైడ్రోజన్ చేసేలోపే వెనక్కి పరిగెడుతుంది. ఆ వెనక్కి పరుగుని ఆపడమే ఏళ్ళ తరబడి ఆయన పని. సబ్బు ఉండలతో ప్రయత్నించారు, టైటానియం ఆక్సైడ్ నలుసులతో ప్రయత్నించారు. నలుసు మీద రంగు కూర్చోబెడితే ఎలక్ట్రాన్ వెళ్ళడం చురుగ్గా, రావడం మందకొడిగా ఉందని తేలాక, ఆ నలుసుల్ని గ్లాసు మీద అంటించి తీగ పెడితే సెల్ అయింది. ఆయన దారి మార్చలేదు. ఫండ్స్ సంగతి నాకు తెలియదు గానీ, అమ్మాయికి ఈ మాట ఇవాళ చెప్పాను. "మరి ఫిబ్రవరిలో ఇది చెప్పలేదేం సార్?" అంది. అప్పటికి నేను కొలవలేదమ్మా.

ఇంకో సంగతీ చెప్పాను, పిల్లలిద్దరికీ తెలియదు. 1993లో ఈ సెల్స్‌ని 10 శాతానికి తీసుకెళ్ళిన పేపర్‌లో మొదటి పేరు మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. మన ఉస్మానియాలో చదివి, అక్కడే డాక్టరేట్ చేసి, లొజాన్ వెళ్ళినాయన. ఆ రంగు పేరు ఎన్3. నడుమ రుథీనియం, చుట్టూ పట్టుకోవడానికి నాలుగు కార్బాక్సిల్ చేతులు, ఎరుపు వైపు జరపడానికి రెండు థయోసయనేట్లు. మా నేరేడు 600 దాటితే చేతులెత్తేస్తుంది, అది 800 దాకా పోతుంది. 2001లో వచ్చిన ఆయన నల్ల రంగు 900 కూడా దాటింది. పొడుగబ్బాయి వెంటనే రేటు వెతికాడు, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

జూలై 28

నాలుగు సెల్స్ వరసగా కలిపితే 1.6 వోల్టులు. పాత కాలిక్యులేటర్ బ్యాటరీ తీసి తగిలించాం, వెలిగింది. ప్రిన్సిపాల్ గారు వచ్చి 12 ఇంటూ 12 కొట్టి చూసి వెళ్ళారు.

పెరోవ్‌స్కైట్లు (ఒక రకం స్ఫటికంతో చేసే కొత్త సోలార్ సెల్స్) ఎందుకు చేయకూడదు సార్ అని పిల్లలు అడిగారు. అదీ ఈ ఇంటి బిడ్డే. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం ఇదే సెల్‌లో రంగు స్థానంలో పెరోవ్‌స్కైట్ పెట్టి 3.8 శాతం తీసింది. ద్రవం దాన్ని నిమిషాల్లో కరిగించేది. 2012లో కొరియాలోని పార్క్, గ్రాట్జెల్ కలిసి ద్రవం తీసేసి ఘనపదార్థం పెడితే 9.7 శాతం వచ్చింది. ఇప్పుడవి సిలికాన్‌తో పోటీ పడుతున్నాయి. కానీ అందులో సీసం ఉంది. మా ల్యాబ్‌లో విషపు ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో దానికే తెలియదు. వద్దన్నాను.

ఆగస్టు 10

చావు వార్త. ఏడో నంబరు సెల్, అన్నిటికంటే మంచిది, 1.6 నుంచి 0.5కి పడింది. రంగు చూస్తే బాగానే ఉంది. అయోడిన్ ఆవిరికి బైండర్ క్లిప్పులు తుప్పు పట్టి గోధుమరంగు పొడి రాలుతోంది.

రంగు చచ్చిందా, ద్రవం ఎండిందా? అమ్మాయికి ఆలోచన వచ్చింది. ఆకుపచ్చ లేజర్‌ని మళ్ళీ చిన్న చుక్క చేసి, సెల్‌ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి, రెండేసి మిల్లీమీటర్లు జరుపుతూ ఒక్కో గడికీ కరెంటు రాసింది. పది వరసలు, పది నిలువులు, వంద అంకెలు. రెండు గంటలు పట్టింది. పెద్ద గొంతుతో పొడుగబ్బాయి మీటర్ చదివాడు: 61, 64, 60, 58, 22, 3, 2...

తర్వాత ఆమె స్కెచ్ పెన్నులతో గడులు నింపింది. ఎడమ సగం ఎర్రగా, బాగుంది. కుడి కింది మూల నుంచి క్లిప్పు ఉన్న అంచు వెంట నాలిక చాచినట్టు ఒక నల్ల మచ్చ. ఆ మూల నుంచే గాలి దూరింది. కంటికి అక్కడ ఏమీ కనపడటం లేదు, లేజర్‌కి కనపడింది.

సిరంజితో ఆ మూల ఒక్క చుక్క ఎలక్ట్రోలైట్ పట్టించాం. ఎండలో 1.15. రంగు బతికే ఉంది.

"ఈ మూలే కారింది సార్, ఇక్కడ నేను కడ్డీ లాగినప్పుడు టేపు లేచింది" అంది, తన తప్పు తనే పట్టుకుని. ఎనిమిదో నంబరుకి క్లిప్పులు లేకుండా, చుట్టూ ఫోన్ రిపేరు వాళ్ళు వాడే వేడికి అంటుకునే పల్చటి ప్లాస్టిక్ పొర వేసి చూద్దామనుకున్నాం. బావమరిదికి ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫర్నేస్ ఖాళీగా ఉంటుందట.